డాక్టర్ కాదన్న తర్వాత

మార్చి 4

ప్రొడ్యూసర్ ఒక ప్రింటవుట్ తెచ్చి నా కీబోర్డ్ మీద పడేశాడు. మా కంప్యూటర్ గేమ్ డెమో ఆడిన మగవాళ్ళ ఫిర్యాదులు. మాది చదువుతూ, దారి ఎంచుకుంటూ ఆడే కథ. ఓడలో నాలుగు పాత్రలు. మగ ప్లేయర్ ముగ్గురిని ప్రేమించొచ్చు, నేను రాసిన డాక్టర్‌ని మాత్రం కుదరదు. ఆమెకు ఆడవాళ్ళంటేనే ఇష్టం. మర్యాదగానే కాదంటుంది.

పది బహుమతులిస్తే ఒప్పుకునేలా మార్చమన్నాడు. మూడో సీన్‌లో కాదంది కదా అన్నాను. ఆ ఒక్క లైనూ పీకెయ్ అన్నాడు.

ఒక్క లైను! పంతొమ్మిది రోజులు పట్టింది మహానుభావా దాన్ని రాయడానికి.

మార్చి 5

ఎంత పని అని ప్రోగ్రామర్‌ని అడిగాను. టీ చల్లారేలోపు అయిపోతుందట. ఒక సున్నాని ఒకటి చేయడమేనట. పాపం, నాకు సాయం చేస్తున్నాననుకుని నవ్వుతూ చెప్పాడు. ఒళ్ళు మండింది.

మార్చి 6

పళ్ళు నొప్పి. నిద్రలో కూడా కొరుకుతున్నట్టున్నాను.

మార్చి 7

ఆట ఆడి తప్పులు పట్టే టెస్టర్ నా వైపు ఉంటుందనుకున్నాను. ఆమె ఒకమ్మాయితో కలిసి ఉంటోందని ఆఫీసంతటికీ తెలుసు, దాచదు. అంతా విని, ఆటలో అయినా అందరూ ఔనంటే బాగుంటుంది అక్కా, బయట విన్న కాదులు చాలవా అంది.

నీకలాగే ఉంటుంది, నోరు తెరవలేనివాళ్ళ సంగతేంటి అని అరిచాను. ఎవరి సంగతి అని అడిగింది. లేచి వచ్చేశాను. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. నా మీదే కోపం. ముప్పై ఆరేళ్ళు. ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాల్సిందంతా తెచ్చి ఆ డాక్టర్ నోట్లో పెట్టాను.

మార్చి 10

మీటింగ్. పోనీ, డాక్టర్‌కి ఆడా మగా ఇద్దరూ ఇష్టమే అనుకో, గొడవ వదిలిపోతుంది అన్నాడు ప్రొడ్యూసర్. అలాంటి మనిషినీ రాస్తాను, ప్రాణం పెట్టి రాస్తాను, ఆరు వారాలివ్వండి, మొదటి పేజీ నుంచీ వేరే మనిషి కావాలి అన్నాను. టైం లేదట. బహుమతుల లెక్క చాలట. అంటే వీడికి మనిషి అక్కర్లేదు, తెరుచుకునే తలుపు కావాలి.

కాదన్నదాని చేత బతిమాలి ఔననిపించను అన్నాను. నవ్వాడు. ఆడవాళ్ళ మనసు మారదా ఏంటి అన్నాడు.

నాది మారలేదు అన్నాను.

ప్రోగ్రామర్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. మొదటిసారి చెప్పడం, అదీ ఈ మనిషికి!

మార్చి 11

ప్రొడ్యూసర్ మార్పు పెట్టించేశాడు. ఆటలో తప్పుందని టెస్టర్ బగ్ రిపోర్ట్ పెట్టింది: డాక్టర్ మూడో సీన్‌లో కాదంది, పదకొండో సీన్‌లో బహుమతులకి ఔనంటోంది, ముందు మాట ఎవరికీ గుర్తులేదు. తీవ్రత: ఎక్కువ. ప్రొడ్యూసర్ మూసేశాడు. ఆమె తెరిచింది. నాలుగుసార్లు ఇదే వరస.

సాయంత్రం కుర్చీ లాక్కొచ్చి నా పక్కన కూర్చుంది. అందరూ ఔననే ఆట తనకు ఇప్పటికీ ఇష్టమేనట. కాదన్నాక ఔననిపించే ఆట మాత్రం వద్దట. మొన్నటికి సారీ చెప్పాను. వదిలెయ్ అక్కా అంది.

మార్చి 13

గొడవ మేడమ్ దాకా వెళ్ళింది. కంపెనీ ఆవిడదే. సీన్ మొత్తం నా ఎదురుగానే చదివారు, లైను కింద వేలు పెట్టుకుంటూ. కాదన్నాక ఆ ప్లేయర్ అబ్బాయి ఏం చేస్తాడు అని అడిగారు. ఏమీ చేయడు, డాక్టర్ కథ అక్కడితో అయిపోతుంది అన్నాను. ఆ ఫిర్యాదుల్లో సగం దాని గురించే కదమ్మా, ఆ కాదుని అలాగే ఉంచు, తర్వాతది రాయి అన్నారు. రెండు వారాలిచ్చారు.

గెలిచాను. అయినా కోపమే. ఆవిడ చెప్పింది నిజం. కాదన్న తర్వాత ఏముంటుందో నాకెప్పుడూ తోచలేదు. తలుపు వేసేసి పారిపోవడమే తెలుసు నాకు.

మార్చి 20

తుఫాను సీన్ రాశాను. డాక్టర్ ఒక నావికుడి కాలు కోస్తోంది. ఆమె కాదన్న అబ్బాయి పక్కన నిలబడి లాంతరు పట్టుకున్నాడు. లాంతరు కదలలేదు. ఆమె థాంక్స్ చెప్పింది.

ప్రొడ్యూసర్ చదివాడు. నాతో మాట్లాడటం మానేశాడు. మహా భాగ్యం.

మార్చి 27

ఆఖరి ఫైలు ఇచ్చేశాను. ఆ కాదు తర్వాత నలభై పేజీలు.

మెట్ల మీద కూర్చుని మా అక్కకి ఫోన్ చేసి నా సంగతి చెప్పాను. ఉన్నావా అని అడిగాను.

ఉన్నాను అంది.