బియ్యం డబ్బాలో కాగితం

మంగళవారం, రాత్రి

అక్క బిడ్డను చూసి నేను కుళ్లుకుంటున్నానట. ఎల్లుండి పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ ఉండగా, ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్దామన్నందుకు, కన్నతల్లి అయ్యుండి అవ్వ అన్న మాట అది.

మధ్యాహ్నం స్నానం పోస్తుంటే చూశాను. పంతొమ్మిది రోజుల పసిగుడ్డు ఏడవకుండానే డొక్కలు ఎగరేస్తోంది. రెండు గుక్కలు పాలు తాగి, ఆయాసంతో వదిలేస్తోంది.

"పసిపిల్లలు గట్లనే పీలుస్తరే. పెండ్లి కానిదానివి, నీకేం ఎరుక?" అంది అవ్వ.

ఎనిమిదో నెలలో అక్కకు కరోనా వచ్చిందని మాత్రం నాకు ఎరుకే. కాన్పప్పుడు డాక్టరమ్మ అడిగితే "జరమే రాలే" అని అవ్వ బొంకింది. నలుగురికి తెలిస్తే తొట్టెలకు ఎవరూ రారని ఆమె ఫికర్. పరీక్ష కాగితాన్ని బియ్యం డబ్బాలో దాచింది.

అక్కను కదిపాను. "మీ బావకు చెప్పకే, దుబాయిల పరేషాన్ అయితడు," అంది, పాప వైపు చూడకుండా.

ఈ ఆయాసం కరోనా వల్లనో కాదో నాకు తెలియదు. అది తేల్చగలిగిన డాక్టరమ్మ దగ్గర నిజం దాచాం, అంతే.

సాయంత్రం నుంచి పాప ఏడుపు కూడా వినిపించడం లేదు.

బియ్యంలో చెయ్యి పెట్టి కాగితం తీశాను. అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. డాక్టర్‌కు అంతా నేనే చెప్తాను.