మా ఆయన షుగర్ పుస్తకం

సెప్టెంబర్ 4

ఈ పుస్తకం క్లినిక్‌లో నర్సు ఎదెల్మీరా ఇచ్చింది. మా ఆయన మర్యాన్ ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఎంత నడిచాడు, అన్నీ రాయమంది. ఆయనకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఈ చాకిరీ నాకు. పరగడుపున షుగర్ 286. కాలి బొటనవేలి దగ్గర పుండు మూడు వారాలుగా మానలేదు. వాళ్ళన్న ఆంతున్‌కీ ఇలాంటి పుండుతోనే మొదలైంది. ఇప్పుడాయనకు ఎడమ మోకాలి కింద ఏమీ లేదు. గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిడుతుంటాడు.

అన్నీ ఒక్కసారే మానిపిస్తే పది రోజుల్లో మళ్ళీ మొదటికొస్తాడక్కా, కొంచెం కొంచెంగా తగ్గించు అంది నర్సు. రోజుకి నాలుగు సీసాల కోలా తాగే మనిషికి కొంచెం కొంచెం ఏమిటి, నా మొహం. అయినా సరేనన్నాను. భయంగా ఉంది.

సెప్టెంబర్ 5

మూడు సీసాలు. మొహం మాడ్చుకున్నాడు.

అక్టోబర్ 2

రెండు సీసాలు. ఏడు మొక్కజొన్న రొట్టెలు అయిదయ్యాయి. చిక్కుడు గింజలూ ఆకుకూరా పెంచాను. పొద్దున్నే మేం గులాబీలు పెంచే ప్లాస్టిక్ షెడ్డు దాకా నడిపిస్తున్నాను. వ్యానెక్కనివ్వను. ఆయన ముందు, నేను వెనక, గొర్రెని తోలినట్టు.

ఇవాళ బావగారు గుమ్మంలోంచి చూసి, పెళ్ళాం తోలితే నడిచే మగాణ్ణి నిన్నేరా చూడ్డం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మిమ్మల్నీ ఎవరైనా తోలుంటే రెండు కాళ్ళూ ఉండేవి బావగారూ అనేశాను. రోజంతా బాధపడ్డాను. నోరు పారేసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

నవంబర్ 10

219. పుండు అంచులు దగ్గరికొస్తున్నాయి. రోజుకి ఒక్క సీసా.

డిసెంబర్ 12

కొంప మునిగింది. పన్నెండేళ్ళ కిందట పేరు రాయించుకున్న గుడి సేవ ఇప్పుడొచ్చింది. జనవరి ఒకటి నుంచి ఏడాదిపాటు మా ఆయన మా ఊరి దేవుడు సాన్ లొరెంజోకి సేవకుడు. ప్రతి పండక్కీ ఇల్లిల్లూ తిరగాలి. ఎవరేం పోసినా రెండు చేతులా అందుకోవాలి. మా నాన్న కాలంలో సారా పోసేవాళ్ళు. ఇప్పుడు కోలా. వద్దంటే పోసినవాడికీ అవమానం, దేవుడికీ అవమానం.

ఈ ఏడు కుదరదని చెప్పెయ్ అన్నాను. పన్నెండేళ్ళు కాచుకున్నానే, కాళ్ళుండగా చెయ్యక అవి పోయాక చెయ్యమంటావా అన్నాడు.

జనవరి 2

నిన్న ఒక్కరోజే ఇరవై ఆరు గ్లాసులు పోశారు. ఆయన తాగినవి రెండే. మిగతావాటికి మా పెద్దవాళ్ళ ఉపాయం ఉండనే ఉంది. భుజాన సంచిలో ఖాళీ సీసాలు, ఒక చిన్న గరాటు. గ్లాసు పెదవికి తాకించి, తలవంచి, గరాటులోకి ఒంపేయడమే. దానికి ఎవరూ తప్పుపట్టరు. గుర్తుచేసింది నేనే.

నిండు సీసాలు మూడు ఇంటికి తెచ్చాడు. దేవుడి పేరున పోసింది మట్టిపాలు చేస్తే అరిష్టం. ఇంట్లో ఉంచితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఉండేది ఇద్దరమే. నేనే తాగేశాను.

జనవరి 23

సాన్ సెబాస్తియన్ పండగ నాలుగు రోజులు. తొమ్మిది సీసాలు. ఎదురింటావిడకి ఇవ్వబోతే, మాకే మూలుగుతున్నాయి తల్లీ, నీ పుణ్యం నువ్వే తాగు అంది. తాగాను. ఆయన మాత్రం నాలుగు రోజులకీ కలిపి మూడు గ్లాసులు. బంగారంలాంటి మనిషి.

ఫిబ్రవరి 20

ఆయనకి 168. నా నడుం దట్టీ రెండు వేళ్ళు వదులైంది. ఆయన్ని నడిపించి నడిపించి నేను చిక్కాను. ఇదీ ఒకందుకు మంచిదే.

మార్చి 15

ఎండలు. షెడ్డులో ప్లాస్టిక్ కింద ఉడికిపోతున్నాం. ఎంత తాగినా దాహం తీరదు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాను. నువ్వుండగా మనింటికి కుక్క దండగే అన్నాడు మా ఆయన.

ఏప్రిల్ 9

పుండు పూర్తిగా మానింది. ఏడ్చాను.

బావగారిని కర్రల మీద నడిపించుకొచ్చారు. తమ్ముడి కాలు ఒళ్ళో పెట్టుకుని ఆ వేలు నిమిరి నిమిరి చూశాడు. వెళ్ళేటప్పుడు నావైపు చూడకుండా, నన్నూ తోలాల్సిందమ్మాయ్ అన్నాడు. ఆరోజు అన్న మాట వెనక్కి తీసుకుందామన్నా నా వల్ల కాలేదు.

ఏప్రిల్ 30

క్లినిక్. ఆయనకి 124. నర్సు పొంగిపోయింది. నీలాంటి భార్య ఊరికొకరుంటే నాకు పనే ఉండదక్కా అంది. పుస్తకం తిరగేస్తూ, ఈ సీసాలన్నీ ఏమయ్యాయి అని అడిగింది. నేను తాగానన్నాను. అన్నీనా అంది. రాశానుగా అన్నాను. నవ్వడం మానేసి, నీ వేలు ఇలా ఇవ్వక్కా అంది.

374.

ఇది ఈ నాలుగు నెలల్లో వచ్చింది కాదు, ఎప్పట్నించో ఉండుంటుంది, సీసాలు దాన్ని ఎగదోశాయి అంది. ఇన్నేళ్ళలో నా వేలు ఎవరూ అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక, ఎందుకు తాగావే అన్నాడు. మరెవరు తాగాలి అన్నాను. సేవ ఇంకా ఎనిమిది నెలలుంది. మే మూడున శిలువ పండగ. పోస్తారు. తెస్తాడు.

మే 4

ఆరు సీసాలు గోడవార ఉన్నాయి. ఆయన ముట్టడు. నేను ముట్టను. పారబోద్దామని ఒకటి పెరట్లోకి తీసుకెళ్ళాను. చేతులు రాలేదు. మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాను.

మే 6

క్లినిక్. నర్సు నన్ను చెప్పులు విప్పమంది. ఎడమ మడమలోంచి గులాబి ముల్లు లాగింది. అరంగుళం ఉంది. చుట్టూ చీము. ఎప్పుడు దిగిందక్కా అంది. తెలియదన్నాను.

లాగినప్పుడూ తెలియలేదు.