ట్యూబు వెనకవైపు

2011 జనవరి 9, ఆదివారం

గడ్డం కింద మళ్ళీ రెండు. ఎడమ బుగ్గ మీద ఒకటి, ముట్టుకుంటే చెవి దాకా నొప్పి.

ముప్పై ఎనిమిదేళ్ళు నాకు. పదిహేనేళ్ళప్పుడు పెళ్ళయితే మొటిమలు పోతాయన్నారు. పెళ్ళయ్యాక ఒక బిడ్డ పుడితే పోతాయన్నారు. బిడ్డకి పదకొండేళ్ళు వచ్చాయి. ఈరోజు చర్చిలో ఒకావిడ గడ్డం పట్టుకుని మరీ చూసి, నలభై దాటితే వాటంతటవే పోతాయమ్మా అంది. ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టాలన్నమాట.

జనవరి 10

బాత్‌రూమ్ తలుపు దగ్గర రూత్. నున్నటి ముఖం వేసుకుని నన్నే చూస్తోంది. "మామ్, ఇవి టీనేజర్స్‌కి కదా వస్తాయి?"

కన్నకూతురు. ఏమనగలను.

జనవరి 12

స్కిన్ డాక్టర్‌కి ఫోన్ చేశాను. అన్నిటికంటే ముందు దొరికేది మార్చి 24 అట. పది వారాలు.

జనవరి 14, శుక్రవారం

గ్రేస్ ఆంటీ ఇంట్లో ప్రార్థన. పాస్టరమ్మగారు అందర్నీ ప్రార్థన అంశాలు అడిగారు. ఒకరికి గ్రీన్ కార్డ్, ఒకరికి మోకాలి ఆపరేషన్. నేను నోరు మెదపలేదు. అయినా వదల్లేదు... "సుజాత ముఖం కోసం కూడా ప్రార్థిద్దాం." ఇరవై మంది కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, ఎవరు నవ్వుతారో చూద్దామని. షారోన్ ఒక్కతే పెదవి కొరుక్కుంటోంది — గ్రేస్ ఆంటీ కూతురు. తర్వాత వంటగదిలో నన్ను వాటేసుకుని, ఐయామ్ సో సారీ ఆంటీ అంటూ పగలబడి నవ్వింది. నేనూ నవ్వేశాను. ఆ మొత్తం గుంపులో నా ప్రాణానికి హాయిగా ఉండే మనిషి అదొక్కతే. మా మధ్య పదమూడేళ్ళే తేడా, ఆంటీ ఏమిటే అంటే వినదు.

ఈస్టర్ తర్వాత శనివారం దాని పెళ్ళి. తెల్ల చీర నేనే కట్టాలట. ఇక్కడ పుట్టిన పిల్ల, కుచ్చిళ్ళు ఎటు తిరగాలో తెలీదు. పొద్దున్న ఏడింటికల్లా వచ్చేయాలి అని మాట తీసుకుంది. ఇచ్చాను.

జనవరి 19

పసుపు, శనగపిండి పట్టించాను నిన్న. కడిగినా పోలేదు. ఆఫీస్‌లో రాన్ — నాతోపాటు పెయింట్ చెక్ చేసే పెద్దాయన — నా వైపు అదోలా చూసి, లివర్ టెస్ట్ చేయించుకున్నావా అని మెల్లగా అడిగాడు. వాళ్ళ బావమరిదికీ ఇలా పచ్చబడటంతోనే మొదలైందట. పసుపు గురించి చెప్పడానికి పావుగంట పట్టింది. నమ్మినట్టు లేడు.

పెయింట్ చూసే ఆ లైట్ల కింద ఏదీ దాగదు. రోజంతా కార్ డోర్ల మీద పొక్కులు వెతకడం నా ఉద్యోగం. గుండుసూది మొనంత ఉన్నా డోర్ వెనక్కి పంపేస్తాను. నన్నెక్కడికి పంపాలి?

జనవరి 23

పాలు మానేశాను. పెరుగు మానేశాను. ఆవకాయ కూడా మానమంటున్నారు. మానను.

జనవరి 30, ఆదివారం

ఒంగోలు నుంచి అక్క పంపిన పార్సిల్ అందింది. కారప్పొడి, గోంగూర పచ్చడి, వాటి మధ్య గుడ్డలో చుట్టి ఆరు ట్యూబులు. బావ మెడికల్ షాపులో వీటికే గిరాకీ అట. పడుకునే ముందు కొంచెం రాయి, వారంలో నీ ముఖం నువ్వే గుర్తుపట్టవు, అంది అక్క ఫోన్‌లో. డాక్టర్ చీటీ అక్కర్లేదా అంటే, మీ బావ ఉన్నారుగా అంది.

బావ చదివింది బీకామ్.

రాశాను.

ఫిబ్రవరి 3

గడ్డం కిందివి అణిగిపోయాయి. నిజంగానే.

ఫిబ్రవరి 8

బుగ్గ మీద వేలు పెడితే జారిపోతోంది. అద్దం ముందు నుంచి కదల్లేక ఆఫీస్‌కి లేటు. కన్సీలర్ లేకుండా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను... ఎన్నేళ్ళయిందో. ఎర్ర లైటు పడ్డ ప్రతిసారీ మిర్రర్‌లో చూసుకోవడమే. సంతోషంగా ఉంది. ఊరికే, పిచ్చి సంతోషం.

ఫిబ్రవరి 13, ఆదివారం

పాస్టరమ్మగారు నన్ను లేపి సాక్ష్యం చెప్పమన్నారు. ప్రార్థన ఫలించిందట. లేచి నిలబడి దేవునికి స్తోత్రం అన్నాను, ఇంకేదో అన్నాను, కూర్చున్నాను. ట్యూబు మాట ఎత్తలేదు. బావ పేరు చర్చిలో చెప్పడం బాగుండదు కదా.

ఫిబ్రవరి 20, ఆదివారం

షారోన్ నా సాక్ష్యం నమ్మలేదు. పార్కింగ్‌లో పట్టుకుంది. "నిజం చెప్పండి ఆంటీ, ఏం వాడుతున్నారు?" దానికీ గడ్డం మీద రెండు చిన్నవి, పెళ్ళి హడావుడికి. పెద్దవి కూడా కాదు. బ్యాగులోంచి తీసిచ్చాను — ఒకటి కాదు, రెండు. వారంలో నీ ముఖం నువ్వే గుర్తుపట్టవు అన్నాను. అచ్చం అక్కలాగే.

ఇందులో ఏముంటుంది అని అడిగింది.

మన దగ్గర అందరూ వాడతారు అన్నాను.

మార్చి 6

షారోన్ మెరిసిపోతోంది. పెళ్ళికళ వచ్చేసింది మా పిల్లకి అని గ్రేస్ ఆంటీ అందరికీ చెబుతోంది. వెనకనుంచి అది నాకు కన్ను కొట్టింది.

మార్చి 15

మంచు కరుగుతోంది. కొంచెం ఎండ తగిలినా బుగ్గలు భగ్గుమంటున్నాయి. ఇంట్లో హీటర్ గాలికి కాబోలు.

మార్చి 23

రేపటి అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేద్దామనుకున్నాను. చూపించడానికి ఏముంది ముఖంలో? కానీ పది వారాలు ఆగాను. వెళ్తాను. చూసి మెచ్చుకుంటుందేమో.

మార్చి 24, గురువారం

మెచ్చుకోలేదు.

నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. లైటు దగ్గరికి లాగి బుగ్గ చూసింది. సన్నటి ఎర్ర దారాలు ఉన్నాయట అక్కడ, చర్మం పలచబడి లోపలి నరాలు కనబడుతున్నాయట. ఏం రాస్తున్నావు అంది. ఏమీ లేదన్నాను. ఊరికే కూర్చుంది, చూస్తూ. బ్యాగులోంచి తీశాను. ఆమె ట్యూబు వెనక్కి తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, చదివింది. బాగా ఘాటైన స్టెరాయిడ్. రంగు తేలిక చేసే మందు. ఇంకోటేదో. మొటిమలు తగ్గలేదు, అణిగి ఉన్నాయి, అంతే... ఆపగానే రెండింతలు వస్తాయి, వారాలు, నెలలు. ఆపకపోతే ఇంకా పాడవుతుంది. ఎవరంతట వాళ్ళు ఆపకూడదు, డాక్టర్ చూస్తూ ఉండాలి. ప్రతి వారమూ లెక్కే.

తర్వాత అడిగింది, ఇంకెవరికైనా ఇచ్చావా అని.

లేదన్నాను.

పనిలో ప్రతి పెయింట్ డ్రమ్ముతోపాటు ఒక కాగితం వస్తుంది, అందులో ఏం కలిపారో. ఆఖరి లైను దాకా చదవనిదే సంతకం పెట్టను. ముఖానికి రాసుకునేదాన్ని ఏడు వారాల్లో ఒక్కసారీ తిప్పి చూడలేదు.

మార్చి 25

షారోన్‌కి చెప్పాలి. ఈరోజు మీటింగులు.

మార్చి 27, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. జలుబని చెప్పించాను.

మార్చి 28

మా ఆయనకి చెప్పాను. టీవీ కట్టేసి మరీ ఆలోచించాడు. పెళ్ళయ్యాక చెప్పమంటాడు. ఇప్పుడు మానేస్తే సరిగ్గా పెళ్ళి రోజుకి ముఖమంతా పొక్కుతుంది, ఆ ఫోటోలు జన్మంతా ఉంటాయి, ఆ పిల్లని ఏడిపించకు అన్నాడు. సబబే అనిపించింది. ఇంకో ఐదు వారాలు రాసుకుంటే? అన్నాను. నువ్వు ఏడు వారాలు రాసుకోలేదా, చచ్చిపోయావా అన్నాడు. అదీ సబబే అనిపించింది. ఎవరేమన్నా సబబే నాకిప్పుడు.

మార్చి 30

అక్కకి ఫోన్ చేసి కడిగేశాను. "ఒంగోలు మొత్తానికి రానిది నీకే వచ్చిందా? ఆ నీళ్ళు పడలేదేమో." బావని పిలవమన్నాను. స్నానానికి వెళ్ళారట. గంట తర్వాత చేసినా స్నానమే.

ఏప్రిల్ 1

వచ్చేశాయి. డాక్టర్ కొంచెం కొంచెంగా మాన్పిస్తూ మందులిచ్చినా. నుదురు, బుగ్గలు, ఎప్పుడూ రాని చోట్ల కూడా. ముఖం నిప్పుల మీద పెట్టినట్టుంది. దిండుకి ఆనలేను. నీళ్ళు తగిలినా మంటే. రూత్ ఏమీ అడగడం లేదు, అదొకటి భరించలేను.

ఏప్రిల్ 4

పెయింట్ సప్లయర్‌తో మీటింగు. ఒక డ్రమ్ము పాడైందని వాళ్ళకి నాలుగు రోజుల ముందే తెలుసు. చెప్పలేదు. రెండు వందల డోర్లు పోయాయి. నేనే అరిచాను, అందరి ముందు: తెలిసిన రోజే ఫోన్ ఎందుకు చేయలేదు? ఆయనకి అరవై ఏళ్ళుంటాయి. తల వంచుకుని, మీ లైన్ ఆగిపోతుందేమోనని భయపడ్డాను, ఇంకో రోజు చూద్దాంలే అనుకున్నాను, అన్నాడు.

నా చేతిలో ఫైలు రాన్ వైపు తోశాను. మీటింగు రాన్ ముగించాడు.

ఏప్రిల్ 7

షారోన్ ఫోన్. రెండో ట్యూబు అయిపోవస్తోందట. ఇప్పుడు పొద్దునా సాయంత్రమూ రాస్తోందట, ఇంకా మెరవాలని. "ఇంకోటి ఉందా ఆంటీ? పెళ్ళి దాకా వస్తే చాలు."

చూస్తాను అన్నాను.

చూస్తానట. డ్రాయర్‌లో మూడున్నాయి. ఛీ.

ఏప్రిల్ 9, శనివారం

వెళ్ళాను. కన్సీలర్ రాసుకుని, కారెక్కబోయి, మళ్ళీ లోపలికి వెళ్ళి కడిగేసుకున్నాను. తలుపు తీసిన గ్రేస్ ఆంటీ రెండడుగులు వెనక్కి వేసింది. "ఏమైందే తల్లీ నీకు?" షారోన్‌తో మాట్లాడాలి అన్నాను.

పైన దాని గదిలో గాజులు పరుచుకుని కూర్చుంది. మంచం అంచున కూర్చుని అంతా చెప్పాను — డాక్టర్ చెప్పినదంతా, నాకు అర్థమైనంత. మానేస్తే ఇలా అవుతుంది, చూడు అని ముఖం చూపించాను. అది అరవలేదు. ఏడవలేదు. నా నుదురు, బుగ్గలు, గడ్డం, ఒక్కొక్క చోటే చూసింది, నేను డోర్లు చూసినట్టు. తర్వాత అడిగింది, మీకెప్పుడు తెలిసింది అని.

మార్చి 24 అన్నాను.

గోడ మీది క్యాలెండర్ చూసింది. పెదవులు కదిలాయి. పదహారు రోజులు. పైకి అనలేదు, నాకు వినిపించింది.

"నేను అడిగాను ఆంటీ," అంది. "ఇందులో ఏముందని అడిగాను."

గాజులు డబ్బాలో సర్దుకోవడం మొదలుపెట్టింది. లేచి వచ్చేశాను. కింద గ్రేస్ ఆంటీ టీ పెట్టి ఉంచింది. తాగకుండా వచ్చేశాను.

ఏప్రిల్ 11

పొద్దున్నే డాక్టర్ ఆఫీస్‌కి వెళ్ళి నిలబడ్డాను. ఆరోజు అబద్ధం చెప్పాను, ఇంకొకరికి ఇచ్చాను, ఆమెకి పెళ్ళి, అన్నాను. డాక్టర్ బయటికి వచ్చి నన్నొకసారి చూసింది. ఎల్లుండి లంచ్ టైమ్‌లో ఆ పిల్లని చూస్తానంది. షారోన్‌కి టెక్స్ట్ చేశాను. ఓకే అని వచ్చింది. అంతే.

ఏప్రిల్ 14

గ్రేస్ ఆంటీ ఫోన్ ఎత్తడం లేదు. మూడుసార్లు.

ఏప్రిల్ 17, మట్టల ఆదివారం

అందరి చేతుల్లో మట్టలు. నేను ఉత్త ముఖంతో. పాస్టరమ్మగారు నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మళ్ళీ ప్రార్థన మొదలుపెడతారేమోనని నేనే లేచాను. ఫిబ్రవరిలో నేను చెప్పింది సాక్ష్యం కాదు, ట్యూబు రాసుకున్నాను, అది ఇలా చేసింది, మీలో ఎవరి దగ్గరైనా ఉంటే రాయకండి, అన్నాను. భోజనాల దగ్గర ఇద్దరు విడివిడిగా వచ్చి, పర్సులోంచి సగం తీసి చూపించారు. ఇదేనా అని. వేరే కంపెనీ, అదే సరుకు. ఒకావిడకి గుంటూరులో తమ్ముడి షాపట.

షారోన్ వాళ్ళు రాలేదు.

ఏప్రిల్ 24, ఈస్టర్

వచ్చింది. ముందు వరసలో కూర్చుంది, తల మీద స్కార్ఫ్ ముందుకి లాక్కుని. గంటన్నర దాని వీపే చూశాను. ఆఖరి పాట అవకముందే పక్క తలుపు నుంచి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 27

రూత్‌కి ముక్కు మీద ఒకటి వచ్చింది. మొట్టమొదటిది. నా డ్రాయర్ లాగుతుంటే గావుకేక పెట్టాను. బిత్తరపోయి ఏడ్చింది. దగ్గరికి తీసుకుని, ఏమీ రాయకు, అదే పోతుంది అన్నాను. నా ముఖం వైపు చూసి, ష్యూర్? అంది.

మూడు ట్యూబులూ కత్తెరతో కోసి చెత్తలో పడేశాను. ఇవాళ్టిదాకా ఎందుకు ఉంచుకున్నానో.

ఏప్రిల్ 29, శుక్రవారం

రేపు షారోన్ పెళ్ళి. సెలవు పెట్టాను. తెల్ల పిన్నీసులు రెండు డజన్లు, జనవరిలోనే కొన్నవి. చిన్న కత్తెర. జాకెట్ హుక్కు ఊడితే కుట్టడానికి తెల్ల దారం, సూది.

ఏడింటికల్లా రమ్మని జనవరిలో అన్నదే ఆఖరు. మళ్ళీ రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. ఫోన్ చేసి కనుక్కోమంటున్నాడు మా ఆయన. చేస్తే వద్దంటారు. చేయను.

చీర కట్టేటప్పుడు చాలాసేపు వంగే ఉంటాం. కుచ్చిళ్ళు దోపి, లేచి, పైట భుజానికి పిన్ను పెట్టేటప్పుడు మాత్రం పెళ్ళికూతురి ముఖం జానెడు దూరంలో ఉంటుంది. కళ్ళు తిప్పుకోవడానికి చోటుండదు, ఇద్దరికీ. దాని ముఖం ఎలా ఉందో నేనింకా చూడలేదు.

పిన్నీసుల డబ్బా బ్యాగులో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను.