పై రెండు వరుసలు

9 నవంబర్ 2024, శనివారం

బిజినెస్ స్కూలు వాళ్ళు మూడు ప్రశ్నలు ఇచ్చారు. మీ బలాలేమిటి? మీకు తగిలిన ఒక ఎదురుదెబ్బ, దాని నుంచి ఏం నేర్చుకున్నారు? పదేళ్ళ తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? ఒక్కోదానికి మూడు వందల పదాలు.

నా బలాల గురించి అన్ని మాటలు నా దగ్గర లేవు. ఎవరంటే పడదో రాయమంటే మూడు వేలు రాస్తాను. మొదటి పేరు కోటేష్ గారు, మా క్వాలిటీ మేనేజర్. నాలుగేళ్ళుగా రిపోర్టులు నావి, సంతకాలు ఆయనవి.

నాకు ఇరవై ఏడేళ్ళు. గుంటూరు ఏటుకూరు రోడ్డులో మిర్చి ఎగుమతి చేసే కంపెనీలో క్వాలిటీ ఎగ్జిక్యూటివ్‌ని. కాయలో తేమెంత, రంగెంత, పురుగుమందెంత అని చూడటం నా పని. పదేళ్ళ తర్వాత మిరపకాయ ఘాటు తగలని చోట ఉండాలి. అది గోల్ కాదట. శ్రీదివ్య చెప్పింది.

12 నవంబర్

శ్రీదివ్య నా ఎస్సేలు దిద్దే కన్సల్టెంట్. విజయవాడ నుంచి వీడియో కాల్‌లో కనిపిస్తుంది. నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను డియర్ అంటుంది.

మా అమ్మ రెబ్కా మిర్చి షెడ్డులో ముచ్చికలు తీస్తుందని మాటల్లో చెప్పాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాయల తొడిమలు గిల్లడం. వినగానే శ్రీదివ్య మొహం వెలిగిపోయింది. ఎస్సే అమ్మ చేతుల దగ్గరే మొదలవ్వాలంది. కారంతో మండే చేతులు. కమిటీకి కళ్ళనీళ్ళు తిరగాలంది.

మా అమ్మే ఎప్పుడూ ఏడవలేదు. కమిటీ ఎందుకేడవాలి?

అయినా రాశాను. నాలుగు వాక్యాలు. బాగా వచ్చాయి. అదే అసహ్యం.

13 నవంబర్

ఆ నాలుగు వాక్యాలు అమ్మకి తెలుగులో చెప్పాను. బియ్యం కడుగుతూ వింది.

"నా చేతులు మండుతున్నాయని నీకెవరు చెప్పారే?" అంది. "కొబ్బరి నూనె రాసుకుంటే పోద్ది. నా చేతులతో నీకేం పని? నీ చేతులతో ఏం చేశావో అది రాసుకో."

తీసేశాను. శ్రీదివ్యకి చెబితే ఏడుపు బొమ్మ పంపింది.

18 నవంబర్

కోటేష్ గారిని రికమండేషన్ అడిగాను. టీ తాగుతూ, నువ్వే రాసి పట్రా, సంతకం పెడతా అన్నాడు. నన్ను నేనే పొగుడుకోవాలి, అదీ ఆయన గొంతుతో.

లేచి వస్తుంటే పిలిచాడు. "ఆ శాంపిళ్ళు తీసే సుభానీ సంగతి బాగా రాయమ్మా. తప్పు చేసినవాణ్ణి పట్టుకున్నావు, కొత్త సిస్టం పెట్టావు. లీడర్‌షిప్ అంటే అదేగా" అన్నాడు.

ఆయన కళ్ళలోకి చూశాను. టీ కప్పులోకి చూసుకున్నాడు. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఏడాదిన్నరగా ఇద్దరం ఇలాగే ఉద్యోగం చేస్తున్నాం.

ఇంటికొచ్చి లెటర్ టైపు చేశాను. "నిజాయితీ" అని కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టాను.

23 నవంబర్

ఎదురుదెబ్బ ఎస్సే పూర్తయింది. సారాంశం ఇది. 2023 మార్చిలో మేం పంపిన తేజ రకం మిర్చి కంటైనర్‌ని విదేశీ పోర్టు నుంచి తిప్పి పంపారు. తడి కాయలో బూజు పట్టి విషం పుట్టింది. శాంపిల్ తీసిన ఉద్యోగి అశ్రద్ధ వల్ల అది ముందే బయటపడలేదు. నేను బాధ్యత తీసుకుని, ప్రతి వరుస నుంచీ శాంపిల్ తీసే పద్ధతి పెట్టాను. ఆ తర్వాత ఒక్క కంటైనర్ కూడా వెనక్కి రాలేదు.

శ్రీదివ్య అద్భుతం అంది.

ప్రతి వాక్యం విడిగా నిజమే. ఒక్కటి తప్ప.

24 నవంబర్, ఆదివారం

చర్చి నుంచి వస్తూ అమ్మ అడిగింది, ఆ రెండో ప్రశ్నకి ఏం రాశావని. చెప్పాను. సుభానీ పేరు పెట్టావా అంది. పెట్టలేదన్నాను.

"పేరు లేకుండా చంపితే పాపం తగ్గుద్దా?" అంది.

సుభానీ చెల్లెలు నగ్మా అమ్మ పక్కనే కూర్చుని ముచ్చికలు తీస్తుంది. అన్న ఉద్యోగం పోయిన రోజు నుంచి అమ్మతో మాట్లాడటం లేదు. పక్కనే కూర్చుంటుంది, మాట్లాడదు. ఈ ముక్క అమ్మ నాకు ఇవాళే చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, నువ్వు చెప్తావేమోనని చూశానంది.

సరే. చెప్తాను, ఇక్కడ. ఇది ఎవరూ చదవరు.

ఆ రోజు శనివారం. మూడింటికి నాకు మాక్ టెస్టు ఉంది. ఈ బిజినెస్ స్కూలు కోసమే. గోడౌన్‌లో ఆరు వరుసల ఎత్తున బస్తాలు పేర్చి ఉన్నాయి. అంతకు రెండు రోజుల ముందు వాన పడింది. సుభానీ మా శాంపిల్ మనిషి. పదకొండేళ్ళ అనుభవం. కాయ చేత్తో పట్టుకుని తేమ చెప్పగలడు, మీటరు కూడా ఆ అంకే చూపిస్తుంది. "మేడం, అడుగు వరుస నెమ్ము లాగింది. కింద బస్తాలు కూడా విప్పుదాం. హమాలీలు లేరు, గంట పడుద్ది" అన్నాడు. టైం చూసుకున్నాను. పై రెండు వరుసలు చాలన్నాను. మళ్ళీ చెప్పాడు. పని నేర్పకు అన్నాను. అందరి ముందూ అన్నాను. అతను నా మొహంలోకి ఒక్కసారి చూసి, పై రెండు వరుసలు విప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాడు. శాంపిల్ తీసినవాడి సంతకమే ఉంటుంది అందులో. తీయించినదాని సంతకానికి గడి లేదు.

కంటైనర్ వెనక్కి వచ్చాక ఎంక్వైరీ పెట్టారు. సుభానీ జరిగింది జరిగినట్టు చెప్పాడు. కోటేష్ గారు నా వైపు తిరిగి, ఏమ్మా అన్నాడు. రిజిస్టర్‌లో ఉన్నదే నాకు తెలుసు సార్ అన్నాను.

ఆరు మాటలు కూడా లేవు. మనిషి ఉద్యోగం పోయింది.

మాక్ టెస్టులో మార్కులు బాగా వచ్చాయి.

8 డిసెంబర్

సబ్మిట్ నొక్కాను. ఏమీ మార్చలేదు.

19 జనవరి 2025, ఆదివారం

ఇంటర్వ్యూ వీడియోలోనే. ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు నవ్వుతూ, ఎగుమతుల గురించి, ధరల గురించి అడిగారు. దంచి పారేశాను. మూడో ఆవిడ, తెల్లజుట్టు, అప్పటిదాకా నోరు మెదపలేదు. చివర్లో ఒకటే అడిగింది. ఆ శాంపిల్ తీసిన ఉద్యోగి ఇప్పుడేం చేస్తున్నాడు?

నాకు తెలియదు. ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. వేరే కంపెనీలో బాగా సెటిలయ్యాడని చెప్పాను. నేనే మాట్లాడి పెట్టించానని కూడా అన్నాను. ఎవరూ అడగని అబద్ధం. నోట్లోంచి నెయ్యిలా జారింది.

ఆవిడ ఏదో రాసుకుంది. ఆవిడంటే నాకు పడదు.

11 ఫిబ్రవరి

సీటు వచ్చింది. ఆఫీసులో స్వీట్లు పంచాను. కోటేష్ గారు రెండు తీసుకున్నాడు.

అమ్మ స్వీటు చేతిలో పట్టుకుని అడిగింది, సుభానీ గురించి వాళ్ళేమన్నా అడిగారా అని. ఈవిణ్ణి ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చోబెట్టాలి. బాగున్నాడని చెప్పానన్నాను.

"ఎట్టా తెలుసు?" అంది.

స్వీటు ప్లేట్లో పెట్టేసి బట్టలు ఉతకడానికి వెళ్ళింది.

16 ఫిబ్రవరి, ఆదివారం

చీరాల వెళ్ళొచ్చాను. పశ్చాత్తాపంతో అని రాస్తే అది ఇంకో ఎస్సే అవుతుంది. చెప్పిన అబద్ధం నిజమై ఉంటుందేమో చూసి, ఊపిరి పీల్చుకుందామని వెళ్ళాను. సుభానీ ఎక్కడుంటున్నాడో అమ్మ తెలుసుకుని చెప్పింది. నగ్మాని అడిగిందట. రెండేళ్ళ తర్వాత వాళ్ళ మధ్య మొదటి మాట అదేనట.

బస్సు పర్చూరు మీదుగా వెళ్ళింది. దారిపొడుగునా కళ్ళాల్లో కాయ ఎండబోసి ఉంది. కిటికీ మూసుకున్నాను.

పవర్‌లూమ్ షెడ్డు ముందు నూలు మూటలు దించుతున్నాడు. బాగా చిక్కాడు. గడ్డంలో తెలుపు వచ్చింది. నన్ను చూసి ఆగలేదు. మూట దించి, ఇంకోటి దించి, అప్పుడు వచ్చాడు. మగ్గాల మోత. గట్టిగా మాట్లాడితే గానీ వినపడదు. క్షమించమని అరవాల్సి వచ్చింది. ఆ మాట అరిస్తే తిట్టినట్టుంటుంది.

"దాంతో నేనేం చేసుకోను మేడం?" అన్నాడు.

నీడలోకి నడిచాం. గుంటూరులో ఏ మిర్చి కోల్డ్ స్టోరేజీకి పని కోసం వెళ్ళినా ముందు కోటేష్ గారికి ఫోన్ చేస్తారట. ఆయన, శాంపిళ్ళు మార్చేవాడు అని చెప్తాడట. అశ్రద్ధ కాదు, మార్చేవాడు. ఏడు చోట్ల అయిందట. ఇదంతా గొంతు పెంచకుండా చెప్పాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిడితే నాకు బాగుండేది. అది అతనికి తెలుసనుకుంటాను.

డబ్బు సాయం చేస్తానన్నాను. నవ్వాడు.

"కాయ తప్ప నాకేం తెలీదు మేడం. జాలి వద్దు, కాగితం కావాలి. ఆ రోజు ఏం జరిగిందో రాసి, కింద మీ సంతకం పెట్టి ఇవ్వండి. ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు. మళ్ళీ మాత్రం రావొద్దు."

మూటల దగ్గరికి వెళ్ళిపోయాడు. టీ కూడా ఇవ్వలేదు. ఇవ్వనందుకు నాకు కోపం వచ్చింది. ఎలాంటిదాన్నో చూడు.

18 ఫిబ్రవరి

నెల తర్వాత ఇస్తే? కాలేజీలో చేరాక ఇస్తే?

19 ఫిబ్రవరి

పొద్దున అమ్మ అంది: "చేరినాక ఇస్తే అది కాగితం కాదు, చిల్లర." నేను పైకే అనేశానా ఏమిటి?

20 ఫిబ్రవరి

రాశాను. ఒక్కసారి కూడా దిద్దలేదు.

"2023 మార్చిలో పంపగా తిరిగొచ్చిన తేజ కంటైనర్‌కి శాంపిల్ తీసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. అడుగు వరుస తడిగా ఉందనీ, అన్ని వరుసలూ చూడాలనీ షేక్ సుభానీ నాకు రెండుసార్లు చెప్పాడు. నాకు వేరే పని ఉండి పై రెండు వరుసలు చాలని ఆర్డరు వేశాను. ఎంక్వైరీలో ఆ సంగతి దాచాను. తప్పు నాది. అతనిది కాదు. అతను శాంపిల్ మార్చలేదు."

మూడు ప్రింట్లు. ఒకటి చీరాలకి రిజిస్టర్ పోస్టులో. ఒకటి కంపెనీ ఎండీ గారి టేబుల్ మీద. ఒకటి కోటేష్ గారి చేతికి.

ఆయన నిలబడే చదివాడు. "నన్నెందుకు ముంచుతున్నావు?" అన్నాడు. ఇందులో మీ పేరు లేదు కదా సార్ అన్నాను. ఆయన మొహం చూడటానికి చాలా బాగుంది. ఈ నాలుగేళ్ళలో నాకు దక్కిన బోనస్ అదొక్కటే.

24 ఫిబ్రవరి

రాజీనామా చేయమన్నారు. చేశాను.

5 మార్చి

స్కూలు నుంచి మెయిల్. నా రికమండర్ తన లెటర్ వెనక్కి తీసుకున్నాడట. నా కాగితం కూడా వాళ్ళకి పంపాడు. కోటేష్ గారి మెయిల్ కింద జత చేసి ఉంది. ఇంగ్లీషులో బోలెడు తప్పులు. ఈసారి ఆయనే రాసుకున్నాడు మరి.

ఎస్సేలోనూ ఇంటర్వ్యూలోనూ చెప్పినవి అవాస్తవాలు కాబట్టి సీటు రద్దు. మూడేళ్ళ దాకా మళ్ళీ అప్లై చేయకూడదు.

నిజం చెప్పినందుకు కాదు, ముందు అబద్ధం చెప్పినందుకు. ఆ తేడా నాకు తెలుసు. అయినా కోటేష్ అదే కుర్చీలో ఉన్నాడు. శ్రీదివ్య నా నంబరు బ్లాక్ చేసింది. మనసు తేలికపడుతుందని చర్చిలో చెప్తారు. పడలేదు.

అమ్మ అన్నం పెట్టింది. నూనె సీసా తెచ్చి పక్కన కూర్చుని, నా తల దువ్వింది. చిన్నప్పటి తర్వాత ఇదే మొదలు. దువ్వెన గట్టిగా లాగింది. నొప్పి పుట్టినా అలాగే కూర్చున్నాను.

21 మార్చి

ఉద్యోగానికి తిరుగుతున్నాను. రెండు చోట్ల, మీరేనా ఆ కాగితం రాసింది అని అడిగారు. అవునన్నాను. కబురు చేస్తామన్నారు.

సుభానీని నరసరావుపేట వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో తీసుకున్నారట. జీతం మునుపటికంటే తక్కువట. షెడ్డులో అనుకుంటుంటే అమ్మ విని చెప్పింది. అతని నుంచి నాకు ఒక్క ముక్క రాలేదు. రాదు.

3 ఏప్రిల్

మధ్యాహ్నం నగ్మా ఫోన్ చేసింది. తనకి నా నంబరు ఇచ్చానని అమ్మ పొద్దున్నే చెప్పింది. హలో అన్నాను. అటువైపు మాట లేదు. షెడ్డు ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. నేనూ ఏమీ అనలేదు. పెట్టేయలేదు. తనూ పెట్టేయలేదు.

నాలుగు నిమిషాల పది సెకన్లు.