వెలుగుకు అందని వెంట్రుకలు

చిట్టితల్లికి,

నీ కాన్పుకి రానని నేను ఫోన్ పెట్టేశాక నువ్వు చాలాసేపు ఏడ్చావని అల్లుడు చెప్పాడు. కుట్టుపని ఒత్తిడి అన్నది అబద్ధం. అసలు సంగతి నోటితో చెప్పలేక రాస్తున్నాను. చదివి నవ్వుకో, కోప్పడు, ఫోన్‌లో మాత్రం అడగకు.

నాకు గడ్డం వస్తుందే. నిన్ను కన్న తర్వాత మొదలైంది. రోజూ అందరికంటే ముందు లేచి, బాత్రూం గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి ఆ చప్పుడులో గీసుకుంటాను. "స్నానానికి వెళ్తే పెళ్ళికూతురిలా తయారవ్వాలా?" అని మీ నాన్న వెక్కిరిస్తారు. ఆయనకీ తెలియదు. ఎవరింట్లోనూ ఒక్క రాత్రి ఉండనని మీ పిన్నులు నాకు గర్వం అంటగట్టారు. మెడ కొలత తీసేటప్పుడు నా మొహం అవతలి మనిషికి జానెడు దూరంలో ఉంటుంది. ఊపిరి బిగబట్టి తల వంచేసుకుంటాను. ఇన్నేళ్ళూ ఆ గడియ వెనకే బతికాను తల్లీ.

నేను వయసులో ఉన్నప్పుడే లేజర్ వెలుగు కొట్టి వెంట్రుకలు పోగొట్టే మిషన్లు వచ్చాయి. "ఆ కిరణాలు లోపలికి దిగి కేన్సర్ తెస్తాయంట వదినా" అంది ఎదురింటావిడ. హడలిపోయి అటు కన్నెత్తి చూడలేదు. మొన్న కొలతలివ్వడానికొచ్చిన బ్యాంకు ఆవిడేమో, "భయమేం లేదండీ, ఒక్కసారి కొడితే జన్మలో మళ్ళీ రావు" అంది. వదిలించుకుని దర్జాగా నీ దగ్గరికి రావచ్చని చర్మం డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

డాక్టరమ్మ నా గడ్డం కింద లైటు పెట్టి చూసింది. "రెండూ ఉత్త మాటలేనమ్మా. ఆ వెలుగు చర్మం దాటి లోతుకు పోదు. కేన్సర్ తెస్తుందనడానికి ఆధారం లేదు. అలాగని ఒక్కసారితో పోవు, చాలాసార్లు రావాలి. కానీ అది వెంట్రుకలోని నలుపునే పట్టుకుంటుంది. మీవి తెల్లబడిపోయాయి."

"మరి రంగేసుకుని వస్తే?" అన్నాను. పాపం, ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

"రంగు పైపైనే కదమ్మా, లోపలి వేరుకి అంటదు."

నల్లగా ఉన్నన్నాళ్ళూ భయపడ్డాను. భయం పోయేసరికి తెల్లబడ్డాయి. మీ ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం, పైగా మీ అత్తగారు. నెలంతా ఎక్కడ దాక్కోను? పసిబిడ్డను ముద్దు పెట్టుకోబోతే గుచ్చుకుంటాను. అందుకే రాను. నన్ను తప్పుగా అనుకోకు.

మీ అమ్మ

* * *

అమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, నవ్వాను. ఆయన కంగారుపడిపోయారు.

నాకూ వస్తోందమ్మా. పెళ్ళికి ముందు నుంచే. నున్నగా ఉండే నీ మొహం చూసి, ఇది ఎవరి పోలిక, నేనసలు ఆడదాన్నేనా అని ఎంత కుమిలిపోయానో. నీకు తెలియకుండా ఆ చికిత్సకే వెళ్ళేదాన్ని. బాగా తగ్గింది కూడా. కడుపుతో ఉన్నప్పుడు వద్దని ఆపేశారు, మళ్ళీ మొలిచాయి. ఇప్పుడు పొట్ట అడ్డమై అద్దం దగ్గరికి వంగలేకపోతున్నాను. ఆసుపత్రి మంచం మీద నాకెవరు గీస్తారు? అత్తగారిని అడగలేను. నువ్వైతే అసహ్యించుకున్నా ఎవరికీ చెప్పవని, అందుకే అంతగా బతిమాలాను.

ఎప్పుడొస్తున్నావు? పుట్టేది ఆడపిల్లయితే, దానికి ఊహ తెలిశాక మనిద్దరం చెరో పక్కన కూర్చుని చెబుదాం.

అచ్చం నీ పోలికే అయిన
నీ చిట్టితల్లి