నా మాట నువ్వు అందించకు

వెర్మాంట్,
మార్చి 3, సోమవారం.

అన్సెల్ అన్నయ్యకు,

ఇక్కడ అమ్మ, నేను, ఆవులు అందరం బాగున్నాం. అలాస్కా చలిలో, ఆ చేపల పడవ మీద నువ్వు కూడా ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను.

ఈరోజు మొదటి ఆశ్చర్యం నీ నిర్వాకమే. పొద్దున పాలు పితికి లోపలికి వచ్చేసరికి హాలిస్ తాత మన వంటింట్లో కూర్చుని ఉన్నాడు. రేపటి ఊరి సభ నడిపేది ఆయనేగా! బూట్ల మంచు కూడా దులుపుకోకుండా చెయ్యి చాపాడు.

"రేపటి నీ ప్రసంగం కాగితం ఇలా ఇవ్వు పిల్లా. మీ అన్న ఫోన్ చేశాడు. నీ బదులు నేను చదివేస్తాను."

"ఇ... ఇ... ఇవ్వను."

"గ్రంథాలయం సంగతి పదమూడో అంశం. అప్పటికి అందరూ ఆకలి మీదుంటారు. నువ్వు మొదలుపెడితే భోజనాల బల్ల మీద చిక్కుళ్ళు చల్లారిపోతాయి."

"చ... చల్లారినా తింటారు తాతా. ఏటా తి... తింటున్నారుగా!"

పిండి కలుపుతున్న అమ్మ కిసుక్కుమంది. ఏటా ఆ చిక్కుళ్ళు వండి తెచ్చేది ఆయనే మరి. ముఖం ముడుచుకుని లేచాడు. "నీ ఇష్టం. మనిషికి మూడు నిమిషాలే. గడియారం నా చేతిలో ఉంటుంది" అనేసి వెళ్ళాడు.

నువ్వు అడిగినవి చెబుతాను. అమ్మ మోకాలు నయం. మెట్లు ఎక్కుతోంది, నువ్వు బాగుచేయకుండా వదిలేసిన విరిగిన మెట్టు దగ్గర ఆగి నిన్ను తిడుతోంది. పాకం కాచడానికి మేపుల్ చెట్లకు బకెట్లు కట్టాం, రసం బాగా కారుతోంది. నీ కుక్క నీ ఎడమ బూటు నమిలేసింది. ఇక, ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉత్తరాలే ఎందుకు రాస్తావని అడిగావు. ఫోనులో నేను ఒక మాట దగ్గర ఆగగానే దాన్ని నువ్వు అందిస్తావు. ఉత్తరంలో అందించలేవు. ఇక్కడ నా వాక్యం చివరిదాకా నాదే.

నువ్వు నాకోసం చేసినవి మరిచిపోయాననుకోకు. స్కూలు బస్సులో నా నత్తిని వెక్కిరించినవాడి ముక్కు పగలగొట్టింది నువ్వే. నిఘంటువు కొనిచ్చి, "నోరు పట్టేసే మాట వస్తే దాని పక్కనే తేలిక మాట ఒకటి ఉంటుంది, వెతుకు" అన్నదీ నువ్వే. అలా వెతుకుతూ వెతుకుతూనే మాటల మీద ప్రేమ పుట్టింది. ఒక్క వస్తువుకు ఇన్ని పేర్లా అని ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. రేపటి ప్రసంగం కూడా మొదట నీ పద్ధతిలోనే, కష్టమైనవన్నీ ఏరేసి రాశాను. తీరా చదువుకుంటే అందులో 'పుస్తకం' అనే మాటే లేదు! గ్రంథాలయాన్ని వారానికి ఒక్కరోజుకు కుదించవద్దని అడిగే ప్రసంగంలో పుస్తకం లేదన్నయ్యా. ఇవాళ అన్నీ తిరిగి పెట్టాను. తొమ్మిది చోట్ల.

అక్కడ పనిచేసే మిరియం గారు, నేను మాట పూర్తిచేసేదాకా గడియారం వైపు చూడరు. ఊళ్ళో అలాంటి చోటు అదొక్కటే. దాన్ని పోనివ్వను. జనవరిలో పద్దెనిమిది నిండాయి, సభలో లేచి మాట్లాడే హక్కు నాకుంది.

నువ్వు వెళ్ళాక నా నత్తి పెరిగిందని అమ్మ నీకు చెప్పిందట. పెరగదా మరి? మాట్లాడుతున్నాను కదా!

ఇంకొకటి దాచాను. సెప్టెంబరులో నీ బస్సు కదిలాక ఏడ్చిన మాట నిజమే. కానీ కళ్ళు తుడుచుకుని తిన్నగా డోనట్ల కొట్టుకు వెళ్ళాను. పదకొండేళ్ళుగా అక్కడ నేను నోరు తెరవగానే "దానికి చాక్లెట్‌ది ఇవ్వండి" అని నువ్వే చెప్పేవాడివి. అన్నయ్యా, నాకు చాక్లెట్ డోనట్ ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. వద్దని చెప్పడం కంటే తినేయడం తేలికని తిన్నాను. ఆ రోజు 'దాల్చినచెక్క' అనడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. వెనక వరుసలో ఒకాయన రెండుసార్లు దగ్గాడు. అయినా చెప్పాను. వేడివేడిగా చేతికిచ్చారు. తింటూ ఇంటికి నడుస్తుంటే, నువ్వు వెళ్ళిపోయినందుకు నాకు సంతోషం వేసింది. ఈ వాక్యాన్ని మూడు ఉత్తరాల్లో రాసి కొట్టేశాను. ఈసారి కొట్టేయను. నువ్వంటే ప్రేమ లేక కాదని నీకు తెలుసు. తెలియకపోతే ఈ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదువు.

ఇది నీకు అందేసరికి సభ అయిపోయి ఉంటుంది. ఇక ఎవరికి ఫోన్ చేసినా లాభం లేదు. రేపు పొద్దున ఐదింటికే పాలు పితికేసి, నీ పాత ఉన్నికోటు వేసుకుని, సభ తలుపులు తీసేసరికే అక్కడుండి మొదటి వరుసలో కూర్చుంటాను. పదమూడో అంశం రాగానే లేస్తాను. 'పుస్తకం' దగ్గర ఆగిపోతే ఆగిపోతాను, ఎవరు అందించినా పుచ్చుకోను. మూడు నిమిషాలు దాటితే తాత కూర్చోమంటాడు. కూర్చోను. చిక్కుళ్ళు చల్లారనీ.

ఇట్లు,
దాల్చినచెక్క డోనట్ తినే నీ చెల్లెలు,
ఓడెట్