బావగారి కారుకు కొత్త పంపు

బావగారికి,

నెల్లితోపు నుంచి మీ మరదలు రాస్తున్నది.

మూడేళ్ల కిందట, మీరింకా మెకానిక్‌గా ఉన్నప్పుడు, మీ తమ్ముడి టాక్సీకి కొత్త ఆయిల్ పంపు వేశానన్నారు. వారం తిరక్కుండా ఏంబలం దారిలో ఇంజన్ పట్టేసింది. “ఆయిల్ లైటు ఎలిగినా సూడకుండా తోలినాడు, నేనేం జేసేది?” అని స్టాండులో అందరికీ చెప్పారు. ఆ తర్వాత మా ఆయనకు తోలడానికి ఎవరూ బండి ఇవ్వలేదు.

నేను మెకానిక్ పని నేర్చుకుని ఆ ఇంజన్ నా చేత్తోనే విప్పాను. లోపల ఉన్నది పళ్లరిగిన పాత పంపు.

నిన్న మీ డ్రైవరు, నేనెవరో తెలియక, మీ కారును నా షెడ్డుకే లాగించుకొచ్చాడు. ఆయిల్ పంపు పోయింది. కొత్తదని చెప్పి పాతదే బిగించి పంపాలనిపించింది. కానీ అప్పుడు కూడా నింద డ్రైవరు మీదే పడేది. అందుకే స్టాండు వాళ్లందరినీ పిలిచి, వాళ్ల కళ్లముందే కొత్తది వేశాను.

తాళం నా దగ్గరుంది. మీరే వచ్చి, తప్పు మీ తమ్ముడిది కాదని వాళ్లందరి ముందు చెప్పి తీసుకెళ్లండి.

మీకు తమిళమే తప్ప తెలుగు చదవడం రాదు. మీ ఇంట్లో చదవగలిగేది మీ కూతురు జనని ఒక్కతే. అది తెలిసే తెలుగులో రాశాను.

జననీ, నాన్న ఆపమన్నా ఆపొద్దు తల్లీ. మొదటినుంచి మళ్లీ ఒకసారి గట్టిగా చదువు.